కడుపు నిండా మేత

బావగారు కాఫీ ముట్టలేదు.

కప్పు ముందు పెట్టాను. మావాళ్ళ అలవాటు ప్రకారం అందులో జున్ను ముక్కలు వేశాను, ఎండుమాంసం సన్నగా కోసి పక్కన పెట్టాను. హెయ్కా బావగారు ఆ కప్పును రెండు వేళ్ళతో బల్ల మధ్యకి జరిపి చేతులు కట్టుకుని కూర్చున్నారు. మా ఊళ్ళో కాఫీ వద్దన్న మనిషి మాట్లాడడానికి రాలేదని, తేల్చుకోవడానికి వచ్చాడని అర్థం. నా ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నా కాఫీ వద్దనడం ఇదే మొదలు.

నా భర్త నీల్లాస్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అన్నగారు గుమ్మం తొక్కితే చాలు, తమ్ముడి కళ్ళు కిటికీకి అతుక్కుంటున్నాయి. వారం రోజులుగా ఇదే వరస.

మా అబ్బాయి మిక్కల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడి సంచీ సర్దుకుని వసారాలో పెట్టేశాడు కూడా. పొద్దున అటు వెళ్ళినప్పుడల్లా నేను దానికి తగులుకుంటూనే ఉన్నాను.

"ఆఖరుసారి అడుగుతున్నానురా," అన్నారు బావగారు. "గడ్డి చుట్టల మీది వల కోసిందెవరు?"

"నా కాపలా," అన్నాడు మిక్కల్.

"కాపలా ఎవరిదని అడగలేదు. కోసిందెవరని అడిగా."

"నా కాపలా, నా తప్పు. ఇంకేం కావాలి పెదనాన్నా? కాగితం మీద రాసి సంతకం పెట్టనా?"

"పెట్టినా పెడతావు. పొగరుకేం తక్కువ లేదు." ఆయన బల్ల మీద అరచెయ్యి ఆనించారు. కొట్టలేదు, ఆనించారంతే. "జనవరిలో మంచు మీద వాన పడి గడ్డకట్టినప్పుడు ఏం చెప్పాను? కింద మేసే తెల్లనాచు ఉంది, పైన గాజు పలక ఉంది, జింకలు తవ్వలేవు, ఆకలికి మాడతాయి, అన్నాను. లారీలో గడ్డి చుట్టలొచ్చిన రోజు ఏం చెప్పాను? మొదటి పదిరోజులూ వాటి వల విప్పొద్దు. బస్తాల్లో ఏరి ఉంచిన నాచు పెట్టండి. ఆ తరవాత నాచులో పిడికెడు గడ్డి, మర్నాడు రెండు పిడికిళ్ళు. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నేను పుట్టాక మన మంద ఎన్ని చెడ్డ చలికాలాలు చూసిందో నాకే గుర్తులేదు. ఆకలితో చచ్చినవాటిని చూశా. కడుపు నిండా మేత పెట్టుకుని చచ్చినవాటిని ఇప్పుడే చూశా. పొట్ట కోస్తే తిన్న గడ్డి తిన్నట్టే ఉంది, మూటగట్టినట్టు! చూడి జింకలురా అవి. నెల రోజుల్లో ఈనేవి."

ఎన్ని చచ్చాయో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. మావాళ్ళలో మంద లెక్క ఒకరినొకరు అడగడం పరువు తక్కువ, చచ్చినవాటి లెక్క అంతకన్నా. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"రేపు చర్చి అయ్యాక మందలో వంతున్న నాలుగిళ్ళవాళ్ళం మా ఇంట్లో కూర్చుంటాం," అన్నారు. "పదిరోజుల్లో మంద సముద్రం వైపు కదులుతుంది. వీడు వలసకి రాడు. నీల్లాస్ తన వంతు ఈ వసంతంలో వీడి పేర రాద్దామనుకున్నాడు, అదీ జరగదు. నేనొప్పుకోను, మిగతా రెండిళ్ళూ ఒప్పుకోవు."

వలసకి రావద్దంటే మావాళ్ళలో ఇంట్లోంచి పొమ్మన్నదాని కన్నా ఎక్కువ. ఇరవై నాలుగేళ్ళవాడు. పుట్టిన ఏడాది నుంచీ ప్రతి వసంతం ఆ దారిన నడిచినవాడు, మొదటిసారి నా వీపున మూటలో. వాడికి వేరే పని చేతకాదు, నేర్పాలని మేమూ అనుకోలేదు.

నీల్లాస్ ఏమన్నా అంటాడని చూశాను. ఆయన కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచాడు.

"తల్లి పోలిక," అన్నారు బావగారు లేస్తూ. "గొర్రెలకి వేసినట్టు వేశాడు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను సముద్రం పక్కన గొర్రెలు పెంచే ఇంట్లో పుట్టినదాన్ని. మంచుజింకల్ని మేపుకునే ఈ పీఠభూమి మీదికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో పాలు విరిగినా, తాడు తెగినా గొర్రెల మాట వస్తుంది. మొదట్లో ఏడ్చేదాన్ని, తరవాత నవ్వేదాన్ని. ఆ రోజు రెండూ చేతకాలేదు.

"పస్తున్న కడుపుతో ఒక్కసారి మెక్కితే గొర్రెలైనా చస్తాయి బావగారూ. ఆరేళ్ళప్పుడు మా నాన్న చెప్పాడు నాకు."

"అయితే నీ కొడుక్కి నువ్వు చెప్పలేదన్నమాట," అని ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

తలుపు మూసుకుంది. ఆయన మంచు స్కూటర్ చప్పుడు దూరమైంది.

"అమ్మా, ఎల్లుండి బస్సుకి మామయ్య దగ్గరికి పోతున్నా," అన్నాడు మిక్కల్. "గొర్రెలు ఈనే రోజులు కదా, మనిషి కావాలన్నాడు."

"నీకు గొర్రెల గురించి ఏం తెలుసురా?"

"పెదనాన్న చెప్పాడుగా, తల్లి పోలికని." నవ్వబోయాడు. నవ్వు రాలేదు. బయటికి వెళ్ళిపోయాడు.

"ఒక్క మాట అనలేకపోయావా?" అన్నాను నీల్లాస్‌తో.

"ఏమనను?" అని ఆయనా లేచి జింకల దగ్గరికి వెళ్ళాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడని నాకు అప్పుడే అనిపించింది. అనిపించి, ఛ, అనుకున్నాను.

మా అమ్మాయి రవ్నా ట్రోమ్సో పట్నం నుంచి వచ్చి రెండు రోజులైంది. అక్కడి పరిశోధనశాలలో పనిచేస్తుంది. జింకలు చలికాలంలో ఎంత తింటాయి, ఎందుకు తక్కువ తింటాయి, ఒంట్లో వేడి ఎలా పొదుపు చేసుకుంటాయి, ఇదీ దాని చదువు. మొన్న శరత్తులో మా మందలో ఆరు ఆడ జింకల చేత వేలెడంత గుళికలు మింగించింది. ఆ గుళిక పొట్టలోనే ఉండి లోపలి వేడిని పది నిమిషాలకోసారి రాసుకుంటుంది. ఆ ఆరింటిలో మూడు ఇప్పుడు చచ్చినవాటిలో ఉన్నాయి. బావగారు పొట్టలు కోసినప్పుడు గుళికలు బకెట్‌లో పడేసి, "ఇవిగో, నీ కూతురి బొమ్మలు," అని నాకిచ్చారు.

వచ్చినరోజే రవ్నా భోజనాల బల్ల దగ్గర నోరు జారింది. "పెదనాన్నా, మొత్తం ఎన్ని పోయాయి?" అని అడిగేసింది. దాని కాగితాలకి అంకె కావాలి మరి. అందరి చేతుల్లో ఫోర్కులు ఆగిపోయాయి. "చదువుకున్నావని తెలుసు, మర్చిపోయావని తెలీదు," అన్నారాయన. అప్పటి నుంచీ అది పెరట్లో ఆవిరిస్నానాల గుడిసెలో తన కంప్యూటర్ పెట్టుకుని అక్కడే కూర్చుంటోంది.

ఉడికిన మాంసం, బంగాళదుంపలు పళ్ళెంలో వేసి తీసుకెళ్ళాను. కంప్యూటర్ మీద ఒక గీత ఉంది, వంకర్లు తిరుగుతూ.

"తిను ముందు."

"తింటా. ఇటు చూడమ్మా. ఇది పొట్ట లోపలి వేడి. జనవరి మొదట్లో ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. ఇదిగో, ఇలా సూదిలా కిందికి దిగిన చోటల్లా జింక మంచు తిన్నదన్నమాట. చల్లదనం తగిలి దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. వాన పడ్డాక చూడు, గీతంతా మెల్లగా జారుతోంది."

"ఆకలి."

"ఆకలి. మేత లేదు కాబట్టి లోపల మంట సన్నం చేసుకుంటున్నాయి. ఇక్కడికొచ్చేసరికి చూడు." దాని వేలు ఆగింది. "ఒక్కసారిగా ఎన్ని సూదులో! ఎండుగడ్డి దండిగా తింటే దాహం. మంచు మీద మంచు తిన్నాయి. మామూలుగా అయితే మేత పడ్డాక లోపల పులిసి వేడి పైకి లేవాలి. లేవలేదు. దిగుతూనే పోయింది."

"పొయ్యినిండా కట్టెలు పెట్టారు, నిప్పు లేదు," అన్నాను.

"అంతేనమ్మా. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు అప్పటికే పస్తులకి చచ్చిపోయాయి." మరో రెండు గీతలు పక్కనే తెరిచింది. "మూడు గుళికల్లోనూ ఒకే గంట. మార్చి ఇరవై అయిదు, పొద్దున పదిన్నర. మిక్కల్ ఇరవై ఆరో తారీకు సాయంత్రం కోశానన్నాడు కదా? వాడికి రోజు కూడా సరిగా గుర్తులేదు."

"వాడలా అనలేదు. గురువారం మీ పెదనాన్న వెళ్ళి చూసి, నిన్న సాయంత్రం కోసినట్టున్నారే అన్నారు. వాడు కాదనలేదు." అని, ఆగాను. "ఇరవై అయిదు ఏ వారం?"

"మంగళవారం."

నేను చెక్కబల్ల మీద కూర్చుండిపోయాను.

ఆ మంగళవారం మిక్కల్‌కి దవడ పన్ను వాచి ముఖం గుమ్మడికాయంత అయింది. పొద్దున ఆరింటికి కారులో ఎక్కించుకుని రెండు గంటలు నడిపి ఆల్టా పట్నం తీసుకెళ్ళాను. పన్ను పీకించుకుని, దారంతా కిటికీ దించి ఎర్రగా ఉమ్ముతూ వచ్చాడు. ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు.

"వాడు నాతో ఉన్నాడే," అన్నాను.

రవ్నా నా రెండు చేతులూ పట్టేసుకుంది. "నిజంగానా? అమ్మా, అయితే వాడు కాదు! వాడు కానే కాదు!" ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం. వారం రోజుల తరవాత నేను నవ్వడం అదే. పళ్ళెంలో బంగాళదుంప ఒకటి తీసి దాని నోట్లో పెట్టాను.

అది నములుతూ అడిగింది. "మరి ఆ రోజు కంచె దగ్గర కాపలాకి ఎవరిని పెట్టి వచ్చాడు?"

నేను తలుపులోంచి ఇంటి వెనక కంచె వైపు చూశాను. దానికీ తెలిసింది. బంగాళదుంప మింగడానికి చాలాసేపు పట్టింది దానికి.

నీల్లాస్ ఇంటి వెనక కంచెలో బండి లాగే రెండు ముసలి జింకలకి నాచు పెడుతున్నాడు. ఏప్రిల్ ఎండ మంచు మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. బస్తాలోంచి గుప్పెడు తీస్తాడు, పుల్లలు ఏరేస్తాడు, అరచేతిలో పెడతాడు. అవి తిన్నాక మళ్ళీ గుప్పెడు. ఈ మనిషికి మేత పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, ఈయనే ఊరందరికీ నేర్పాడు.

"నాన్నా," అంది రవ్నా. "మార్చి ఇరవై అయిదు పొద్దున మంద దగ్గర నువ్వున్నావా?"

ఆయన దాని చంకలోని కంప్యూటర్ వైపు చూశాడు. "అది చెప్పిందా?"

"రోజూ గంటా చెప్పింది. మనిషిని అమ్మ చెప్పింది."

"ఉన్నాను."

"వల నువ్వే కోశావా?"

గుప్పిట్లో ఉన్న నాచు జింక తినేదాకా ఆగాడు. "నేనే."

నేను ఆగలేకపోయాను. "కన్నకొడుకుని గోడకి నిలబెట్టి అడుగుతుంటే కిటికీలోంచి ఏం చూస్తున్నావయ్యా నువ్వు? వాడు సంచీ సర్దుకున్నాడు! వాడి బతుకు వాడు మూటగట్టుకుని పోతుంటే నీకు నోరు పెగల్లేదా?"

"వాడే ఊరుకోమన్నాడు."

"వాడు ఊరుకోమంటే ఊరుకుంటావా? నువ్వు తండ్రివా, వాడు తండ్రా?"

ఆయన బస్తా మూతి మడిచాడు. విప్పి మళ్ళీ మడిచాడు. నాకు జాలి కలిగింది, కోపం పోలేదు.

"ఎందుకు నాన్నా?" అంది రవ్నా. "నాకు అయిదేళ్ళప్పుడు నా చేత పిడికెడు పిడికెడు లెక్కపెట్టి వేయించింది నువ్వు. ఆకలిగొన్నదానికి ఒక్కసారి పెట్టకే తల్లీ, ప్రేమతో చంపేస్తావు, అన్నది నువ్వు. నీకు తెలియక చేశావంటే నేను నమ్మను."

"ముసలివాణ్ణయ్యాను."

"అబద్ధం."

"అబద్ధమే అనుకో."

"అక్కా, వదిలెయ్," అన్నాడు మిక్కల్. ఎప్పుడొచ్చాడో, కంచె అవతల నిలబడి ఉన్నాడు.

"నీకు తెలుసా ఎందుకో?"

"వదిలెయ్ అన్నానా!"

తండ్రీ కొడుకులిద్దరూ చెరో దిక్కూ చూస్తున్నారు. నా వైపు చూస్తున్నారు, జింకల వైపు చూస్తున్నారు. రవ్నా ముఖం మాత్రం ఇద్దరిలో ఒక్కడూ చూడడం లేదు. అప్పుడు తట్టింది నాకు. తట్టకపోతే బాగుండేది.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఇది భోజనాల దగ్గర చెప్పింది. చలికాలంలో ఈ జంతువుల ఆకలి తనంత తానే తగ్గిపోతుంది నాన్నా, ఎదురుగా కుప్ప పోసినా ఒంటికి కావలసినంతే తిని లేచిపోతాయి, రెండేళ్ళు కొలిచాం, అంది. ఆ మాట వింటుంటే నీల్లాస్ ముఖం వెలిగిపోయింది. చర్చి బయట, పెట్రోలు బంకు దగ్గర, కనబడినవాడికల్లా చెప్పాడు. "మా అమ్మాయి కొలిచింది. మనం ఊరికే అనుకుంటాం, అది కొలిచింది."

"నాన్నా," అంది రవ్నా నెమ్మదిగా. "నేను క్రిస్మస్‌కి చెప్పింది..."

"నువ్వేం చెప్పలేదు." మరీ తొందరగా అన్నాడు.

"అవి మా దగ్గర ఏడాది పొడుగునా మేత తిన్న జంతువులు నాన్నా. ఒక్క పూట పస్తు ఎరగనివి."

"ఆ మాటా చెప్పే ఉంటావు. నేను విన్నట్టు లేదు."

"చెప్పలేదు." దాని పెదవులు పాలిపోయాయి. "ఆ మాట చెప్పలేదు నాన్నా. చెప్పాలని తోచలేదు. నీకు తెలిసినదేగా అనుకున్నా."

నీల్లాస్ మంచు మీద కూర్చున్నాడు. బస్తా మీద చెయ్యి వేసుకుని, చాలా రోజులుగా మోస్తున్నది దించినట్టు మాట్లాడాడు.

"మంద కంచెకి ముక్కులానించి చూస్తోంది. ఇవతల చుట్టలు. అన్నయ్య మాట గుర్తుంది, మా నాన్న మాట గుర్తుంది. మనకి తెలిసిందంతా పాతకాలపు భయం, మా అమ్మాయి కొలిచి చూసింది, అవి కావలసినంతే తింటాయి అనుకున్నా. కత్తి తీశా. ఎంత ఆత్రంగా తిన్నాయో!" నా వైపు తిరిగాడు. "నాకు భయం కూడా వెయ్యలేదు గుడ్రున్. సంతోషంగా కోశాను."

ముసలి జింక ఒకటి వచ్చి ఆయన చేతి తొడుగు వాసన చూసింది.

"నేను సాయంత్రం వెళ్ళేసరికి చుట్టలన్నీ విప్పేసి ఉన్నాయి," అన్నాడు మిక్కల్. "రాత్రంతా లాగాం వెనక్కి. తినేసినదాన్ని లాగలేం కదా. నాన్న ఒక్కటే అన్నాడు, అక్కకి తెలియకూడదురా అని. సరే అన్నా. అంతే."

రవ్నా కంప్యూటర్‌ని రెండు చేతులతో పట్టుకుంది. "రేపు నేనే చెప్తా. అందరి ముందూ."

"ఏమని?" నీల్లాస్ తలెత్తాడు. "నా మాట విని మా నాన్న చంపాడనా? ఆ తరవాత ఈ పీఠభూమి మీద ఏ ఇంటివాడైనా నీ గుళిక తన జింకని మింగనిస్తాడా? పదేళ్ళు చదివావు. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుందే తల్లీ. ఆ గీత చెరిపెయ్."

"నేనెటూ పోతున్నాగా," అన్నాడు మిక్కల్. "ఒకడు పోతే సరిపోయేదానికి ముగ్గురెందుకు? చెరిపెయ్ అక్కా."

"నేనే చెప్తాలే, ముసలివాణ్ణయి మతిపోయి కోశానని," అన్నాడు నీల్లాస్ మళ్ళీ.

"మీ అన్నయ్య నమ్ముతారా?" అన్నాను. "నీ మతి ఆయనకి తెలియదా? ఎందుకురా అని అడుగుతూనే ఉంటారు. నువ్వు ఆయన ముందు అబద్ధమాడలేవు, కిటికీ వైపు చూస్తావు."

ఆయన బస్తా మూతికి తాడు కట్టసాగాడు.

"చెరపను," అంది రవ్నా. అంతే అంది. గుడిసెలోకి వెళ్ళి తలుపేసుకుంది. మిక్కల్ మంద వైపు నడిచాడు, వెళ్ళొద్దన్న మంద వైపే. నీల్లాస్ లేవలేదు.

నేను ఇంట్లోకొచ్చి గిన్నెలు కడిగాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెడు కూడా పంచుకోనివ్వడం లేదు, ఎవరికి వాళ్ళు మొత్తం నాదే అంటున్నారు. ముగ్గురూ నావాళ్ళే. కొడుకు పోతే ఇల్లు పోతుంది, మొగుడి మాట పోతే ఆయన బతకడు, కూతురి పేరు పోతే దాని పదేళ్ళూ పోతాయి. ముగ్గురినీ అటూ ఇటూ తిప్పి చూశాను, ఎవరినీ వదులుకోబుద్ధి కాలేదు.

ఇంకొకరు మిగిలారు కదా. మొదటిరోజు, బావగారు మిక్కల్‌ని అడగక ముందు, అందరూ ఎవరి వైపు చూశారో నాకు గుర్తుంది.

గిన్నె బోర్లించి చేతులు తుడుచుకున్నాను.

బావగారి ఇల్లు కాలినడకన పావుగంట. పైన గట్టిపడిన మంచు మీద అడుగు పడ్డప్పుడల్లా చప్పుడవుతోంది. మూడు గంటల ఎండ. ఆయన వసారాలో వలసకి కావలసిన పట్టీలు బాగుచేసుకుంటున్నారు, చేతిలో దబ్బనం. మా తోడికోడలు అక్కయ్య ఇంట్లో లేదు, కూతురి దగ్గరికి వెళ్ళింది. దానికీ సంతోషించాను, ఆడమనిషి ముందు ఈ అబద్ధం నిలబడేది కాదు.

"కూర్చో గుడ్రున్."

"కూర్చోను బావగారూ. చెప్పి పోతా. వల కోసింది నేను."

దబ్బనం పట్టీలోకి దిగింది, ఇవతలికి వచ్చింది. ఆయన దారం లాగారు. ఎలా అని అడుగుతారు, ఎందుకని అడుగుతారు అనుకుని దారంతా జవాబులు అల్లుకుంటూ వచ్చాను. ఒక్కటీ అక్కర్లేకపోయింది.

"నాకు మొదటిరోజే తెలుసు," అన్నారు.

కోపంగా అని ఉంటే బాగుండేది. ఎంతో ఊరటగా అన్నారు. భుజాలు దిగాయి, ముఖంలో వారం రోజుల బిగువు సడలింది. నా వైపు దయగా చూశారు.

"కుర్రాడు తల్లిని కాస్తున్నాడని అనుకుంటూనే ఉన్నా. వాడు మన పిల్లాడు, అలాంటి పని చెయ్యడే అని రాత్రులు నిద్రపట్టలేదు నాకు. పోనీలే. నీ తప్పని కూడా అనను. నీకేం తెలుసు? గొర్రెల ఇంట్లో పుట్టినదానివి, జాలిపడి వేశావు."

పొద్దున ఇదే మనిషికి ఇదే నోటితో చెప్పాను, ఆరేళ్ళప్పుడే నాకు తెలుసునని. ఆ మాట ఆయన చెవిలోకే వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళు. ముప్ఫై వలసలు. వీళ్ళ జింక దూడల్ని నా కోటులో పెట్టుకుని వాగులు దాటించాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, "నువ్వా? నువ్వు చెయ్యవే!" అని ఆయన అంటారని ఆశపడ్డానని నాకు అప్పుడు తెలిసింది. నమ్మించడానికి వచ్చినదాన్ని, నమ్మినందుకు ఏడుపొచ్చింది.

"మిక్కల్ వలసకి వస్తాడు," అన్నారు ఆయన. "వంతు వాడి పేర రాయమను. రేపు నలుగురిలో నేను చెప్తాలే, నువ్వు రానక్కర్లేదు. కానీ ఇకమీదట నువ్వు మంద దగ్గరికి రాకు. నీ చెవిగాటు గుర్తున్న జింకల్ని నీల్లాస్ గుర్తులో కలిపేద్దాం. అదీ న్యాయం."

నా గుర్తు. ఎడమ చెవి మీద రెండు గాట్లు, కుడి చెవి కొసన ఒకటి. పెళ్ళినాడు మా అత్తగారు నా వేలు పట్టుకుని ఒక దూడ చెవి మీద ఆ గాట్లు తడిమించి, ఇప్పుడు నువ్వు మాదానివి, అంది.

"సరే," అన్నాను.

బావగారు నా భుజం వెనక ఎవరినో చూశారు. తిరిగాను. మెట్ల కింద రవ్నా నిలబడి ఉంది. తలకి టోపీ లేదు, పరుగున వచ్చినట్టు ఆయాసపడుతోంది. చంకలో ఆ కంప్యూటర్ ఉంది. ఎక్కడి నుంచి విన్నదో తెలియదు. వద్దని తల ఊపాను. అది నన్ను చూడలేదు.

"పెదనాన్నా," అంది. "అమ్మ మాట వెంటనే నమ్మేశావు. ఏ రోజు కోసిందో అడగలేదే?"

దబ్బనం పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆయన దాని ముఖం చూశారు, చంకలోనిది చూశారు. తరవాత నా వైపు తిరిగారు. ఇందాకటి దయ ఆ కళ్ళలో లేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, నేనెవరో తెలుసుకోవాలన్నట్టు చూస్తున్నారు.

"ఏ రోజు, గుడ్రున్?"